వెళ్లిపోయినవాళ్ల జాబితా మీ దగ్గర ఉందా?

ఎన్నికల ఓటమిపై పార్టీ నియమించిన సమీక్షా సంఘం అధ్యక్షులకు, సభ్యులకు

నమస్కారం.

మీరు పంపిన ప్రశ్నావళి అందింది. నాలుగు పేజీలు. మొదటి పేజీలో ఓటమికి పన్నెండు కారణాలు అచ్చువేసి, ప్రాధాన్యాన్ని బట్టి అంకెలు వేయమన్నారు. రెండో పేజీ నాయకత్వం గురించి, మూడోది పొత్తుల గురించి. అసలు ప్రశ్న నాలుగో పేజీలో ఉంది: పార్టీ ఇకపై మూలసిద్ధాంతాలకు మరింత కట్టుబడాలా, మధ్యేమార్గానికి జరగాలా? కింద రెండు గడులు. ఏదో ఒకదానిలో టిక్కు పెట్టాలి. ఆదివారం జరిగే సమావేశంలో మాట్లాడటానికి నాకు అయిదు నిమిషాలు కూడా కేటాయించారు. సంతోషం.

ఇరవై రెండేళ్లుగా ఈ పార్టీలో సాధారణ సభ్యుడిని. పదవి అడగలేదు, ఇస్తామని అన్నవాళ్లూ లేరు. ఓటర్ల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం, పోలింగ్ రోజు బూత్‌లో కూర్చోవడం, లెక్కింపు రోజు బల్ల దగ్గర నిలబడటం, ఇదే నా పని. ఆ రెండు గడులనూ ఖాళీగా వదిలేసి ప్రశ్నావళిని తిరిగి పంపిస్తున్నాను. ఎందుకు వదిలేశానో చెప్పడానికే ఈ లేఖ. ఇలా బహిరంగంగా కాకుండా నేరుగా మీకే రాయవచ్చు కదా అంటారేమో. ఇంతకుముందు రెండు ఓటముల తర్వాత అలాగే రాశాను. అవి ఏ బీరువాలో నిద్రపోతున్నాయో మీకు తెలిసి ఉండాలి.

ప్రతి ఎన్నికకూ నేను ఒక నోటుబుక్కు పెట్టుకుంటాను. పేజీని నిలువుగా మూడు భాగాలు చేస్తాను: మనవాళ్లు, ఎదుటివాళ్లు, ఊగిసలాడేవాళ్లు. పేర్లు పెన్సిలుతో రాస్తాను, మనసు మారితే చెరిపి పక్క గడిలో వేయడానికి వీలుగా. ఈసారి పెద్దగా చెరపాల్సిన అవసరం రాలేదు. అదే నన్ను ముంచింది.

లెక్కింపు కేంద్రంలో నా బూత్ వంతు వచ్చినప్పుడు బల్ల అవతల కూర్చున్న ఉద్యోగిని మన గుర్తుకు పడిన ఓట్ల అంకె చదివారు. సరిగా వినలేదేమో అనుకుని మళ్లీ చదవమని అడిగాను. ఆవిడ విసుక్కోకుండా, ఒక్కో అంకెనూ విడదీసి చదివారు. అదే అంకె. నా మొదటి గడిలో ఉన్న పేర్లకూ, ఆ అంకెకూ మధ్య మూడో వంతు తేడా ఉంది. అంటే నేను మనవాళ్లని రాసుకున్న ప్రతి ముగ్గురిలో ఒకరు మనకు ఓటు వేయలేదు. ఆ ఒక్కరెవరో రహస్య ఓటు చెప్పదు. ఎంతమందో మాత్రం చెబుతుంది. వాళ్లలో ఏ ఒక్కరూ "ఈసారి మీకు వేయను" అని నా మొహం మీద అనలేదు. తలుపు తీశారు, కరపత్రం తీసుకున్నారు, నవ్వారు. కొందరు నా మోకాలి నొప్పి ఎలా ఉందని కూడా అడిగారు.

ఆ మూడో వంతు మనుషులు మీ పన్నెండు కారణాల్లో ఎక్కడా లేరు. ఆదివారం సమావేశంలోనూ ఉండరు. ఎందుకంటే మీరు పిలిచినది ఉన్నవాళ్లను. ఉన్నవాళ్లు ఎందుకు ఉన్నారో చెప్పగలరు గానీ, పోయినవాళ్లు ఎందుకు పోయారో ఎలా చెబుతారు? ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ఈ సంగతినే విడమరిచి చెప్పారు. ఒక సంస్థ మీద అసంతృప్తి కలిగినవాళ్లకు రెండు దారులుంటాయి: లోపల ఉండి గొంతెత్తడం, లేదా నిశ్శబ్దంగా బయటికి నడవడం. గొంతెత్తినవాళ్ల మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుంది. నడిచిపోయినవాళ్లు పోతూ పోతూ కారణం రాసిపెట్టి పోరు.

ఇక దిశ గురించిన మన చర్చ. ఫలితాలు వచ్చిన సాయంత్రం నుంచి నేను వింటున్నది రెండు వర్గాల మాటలు. ఒక వర్గం, పార్టీ తన రంగు పోగొట్టుకోవడం వల్లే ఓడిందని అంటోంది. రెండో వర్గం, ఆ రంగే జనాన్ని భయపెట్టిందని అంటోంది. తమాషా ఏమిటంటే, ఎన్నికలకు ఆరు నెలల ముందు కూడా ఈ రెండు వర్గాలూ అక్షరం పొల్లుపోకుండా ఇవే మాటలు అన్నాయి. ఓటమి ఎవరి అభిప్రాయాన్నీ వెంట్రుకవాసి కదిలించలేదు, అందరికీ తమ మాటే నెగ్గిందన్న తృప్తిని మాత్రం పంచిపెట్టింది. ఇక మూడో వర్గం ఒకటుంది, దానికి దిశతో పని లేదు. ఓటింగ్ యంత్రాలు, పత్రికలు, వాన, ఎదుటివాళ్ల డబ్బు, సొంతవాళ్ల వెన్నుపోటు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. వీటిలో కొన్ని నిజం కావచ్చు కూడా. కానీ గెలిచినప్పుడు ఇదే వాన కురిసింది, ఎవరూ దాని పేరెత్తలేదు.

1983లో బ్రిటన్ లేబర్ పార్టీకి ఏం జరిగిందో మీలో చాలామందికి తెలుసు. 27.6 శాతం ఓట్లు, 209 స్థానాలు. ఆ ఎన్నికల ప్రణాళికను చరిత్రలోకెల్లా పొడవైన ఆత్మహత్య లేఖ అని వెక్కిరించింది ప్రత్యర్థులు కాదు, అదే పార్టీ ఎంపీ జెరాల్డ్ కాఫ్‌మన్. ఆ మాట అందరికీ గుర్తుంది. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది మరొకటి. వామపక్షానికి పెద్దదిక్కయిన టోనీ బెన్ ఆ ఎన్నికల్లో తన స్థానాన్నే పోగొట్టుకున్నారు. అయినా ఫలితాల తర్వాత ఆయన, నిస్సంకోచంగా సోషలిస్టు విధానం చెప్పిన పార్టీకి సుమారు 85 లక్షల మంది ఓటు వేశారని, అది గొప్ప ముందడుగని రాశారు. ఆయన లెక్క తప్పు కాదు. నిజంగానే అంతమంది వేశారు. కాకపోతే నాలుగేళ్ల ముందు, 1979లో, ఆ పార్టీకే కోటీ 15 లక్షలు వచ్చాయి. ఉన్న 85 లక్షలను లెక్కపెట్టినాయన పోయిన 30 లక్షలను లెక్కపెట్టలేదు. బెన్ అబద్ధాలాడే మనిషి కాదు, తెలివితక్కువవారు అంతకన్నా కాదు. ప్రేమించినదాన్ని చూసే కళ్లకు మిగిలిందే కనిపిస్తుంది. నాకూ అంతే, నా నోటుబుక్కే సాక్ష్యం.

ఆ పార్టీ 1987లో ఓడింది, 1992లోనూ ఓడింది. వరసగా నాలుగో ఓటమి తర్వాత ఆ పార్టీ ఎంపీ జైల్స్ రాడిస్ చేసిన పని చిన్నదిగా కనిపిస్తుంది. దక్షిణ ఇంగ్లండులో పార్టీ గెలవలేకపోతున్న నియోజకవర్గాల్లో, అటూ ఇటూ ఊగి చివరికి లేబర్‌కు వేయనివాళ్ల అభిప్రాయాలను సేకరించి ఆ పార్టీకి అనుబంధమైన ఆలోచనాపరుల సంఘం ఫేబియన్ సొసైటీ తరఫున ప్రచురించారు. పార్టీ సభ్యులను కాదు, పార్టీని నమ్మనివాళ్లను అడిగారు. ఆ తర్వాత 1995లో పార్టీ రాజ్యాంగంలో పరిశ్రమల ఉమ్మడి యాజమాన్యాన్ని కోరే నాలుగో నిబంధన మారింది, 1997లో 418 స్థానాలు వచ్చాయి.

ఇక్కడ మధ్యేమార్గం వర్గం మిత్రులు చప్పట్లు కొట్టబోతున్నారని తెలుసు. కాస్త ఆగండి. మన దేశంలోనే 1984లో రెండు లోక్‌సభ స్థానాలకు పడిపోయిన పార్టీ ఉంది, బీజేపీ. ఆ రెండింటిలో ఒకటి హనుమకొండ, అక్కడ ఓడినవారు పి.వి. నరసింహారావు. గాంధేయ సోషలిజం అంటూ మెత్తగా మాట్లాడిన ఆ పార్టీలో అప్పుడు జరిగిన అంతర్మథనం చిన్నది కాదు. 1986లో అధ్యక్షుడు మారారు, ధోరణి మారింది. జరిగింది మధ్యకు కాదు, తన మూలాల వైపు. 1989లో వచ్చినవి 85 స్థానాలు. అందులో బోఫోర్స్ వంతు ఎంత, సీట్ల సర్దుబాట్ల వంతు ఎంత, ధోరణి వంతు ఎంత అన్నది వేరే చర్చ.

అమెరికాలో 2012లో ఓడిన రిపబ్లికన్ పార్టీ 2013 మార్చిలో దాదాపు వంద పేజీల పోస్టుమార్టం నివేదికను ధైర్యంగా బయటపెట్టింది. వలస చట్టాలను సమగ్రంగా సంస్కరించాలని, స్పానిష్ మూలాలున్నవారికి, మహిళలకు, యువతకు దగ్గర కావాలని ఆ నివేదిక చెప్పింది. మూడేళ్ల తర్వాత ఆ పార్టీ అభ్యర్థి వలసల విషయంలో సరిగ్గా దానికి ఎదురుదిశలో నడిచి అధ్యక్ష పదవి గెలిచారు. దేశం మొత్తంమీద ఓట్లు తక్కువే వచ్చినా, గెలవాల్సిన రాష్ట్రాలు గెలిచారు. అందుచేత చరిత్రను తిరగేసి దిశ తేల్చుకుందామంటే కుదరదు. ఎవరికి కావలసిన ఉదాహరణ వారికి దొరుకుతుంది. మీ రెండు గడులను ఖాళీగా వదలడానికి ఇది మొదటి కారణం.

రెండో కారణం లెక్కల్లో ఉంది. బ్రిటన్‌దే మళ్లీ చూడండి. 2017లో లేబర్‌కు 40 శాతం ఓట్లు వచ్చాయి, 262 స్థానాలతో ఓడింది. 2019లో 32.1 శాతం, 202 స్థానాలు, ఘోర పరాజయం. 2024లో 33.7 శాతం, 411 స్థానాలు, ఘనవిజయం. అంటే ఘోరంగా ఓడిన 2019కీ గెలిచిన 2024కీ ఓట్ల శాతంలో తేడా రెండుకు కూడా చేరలేదు, వచ్చిన ఓట్ల సంఖ్య అయితే తగ్గింది. స్థానాలు మాత్రం రెట్టింపయ్యాయి. ప్రత్యర్థి కూలాడు, ప్రత్యర్థి ఓటు చీలింది. స్థానాల పట్టికను ముందు పెట్టుకుని ప్రజలు మన సిద్ధాంతాన్ని తిరస్కరించారనో, ఆదరించారనో తీర్పులు చెప్పేవాళ్లు ఈ మూడు వరసలను గోడకు అతికించుకుంటే మంచిది.

మన ఓటమి ఎలాంటిది? మనకు వేసేవాడు ఎదుటివాడికి వేస్తే తేడా రెండు ఓట్లు: మనకు ఒకటి తగ్గింది, వాడికి ఒకటి పెరిగింది. మనకు వేసేవాడు ఇంట్లో కూర్చుంటే తేడా ఒక ఓటు. మూడో పార్టీకి వేసినా ఒకటే. ఈ ముగ్గురికీ మందు ఒకటి కాదు. అటు మారినవాణ్ణి తిరిగి తెచ్చుకోవడానికి చెప్పే మాట ఇంట్లో కూర్చున్నవాడికి మరింత విరక్తి పుట్టించవచ్చు. మీ వర్గాలు రెండింటిలో ఏది సరైనదో ఈ ముగ్గురిలో ఎవరు ఎంతమంది అన్నదాన్ని బట్టే తేలుతుంది. బూత్‌ల వారీగా గత మూడు ఎన్నికల అంకెలు మీ దగ్గరే ఉన్నాయి. పోలైన ఓట్లు తగ్గిన బూత్‌లు ఏవి, తగ్గకుండానే మనవి తగ్గిన బూత్‌లు ఏవి అని రెండు కుప్పలుగా పోస్తే సగం సంగతి బయటపడుతుంది. రెండు రాత్రుల పని. నా బూత్‌కు నేను చేశాను. పోలైన ఓట్లు తగ్గలేదు. అంటే మనవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో కూర్చోలేదు, వరసలో నిలబడి మరీ మనల్ని కాదన్నారు.

ఆ తర్వాత నోటుబుక్కు పట్టుకుని మళ్లీ తిరగడం మొదలుపెట్టాను. ఈసారి పార్టీ బ్యాడ్జీ లేకుండా. ఓట్లు అడగడానికి కాదు కాబట్టి తలుపు దగ్గర మాట తేలికగా సాగుతుందనుకున్నాను. అదీ పొరపాటే. మొదటి నాలుగు ఇళ్లలో మీకే వేశామన్నారు. అయిదో ఇంట్లో ఒకావిడ, వయసు యాభై దాటి ఉంటుంది, నన్ను చూసి లోపలికి వెళ్లింది. తలుపు వేసుకుంటుందేమో అనుకున్నాను. ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టింది.

మన పార్టీ కార్యాలయం కాగితమే. పైన మన జెండా బొమ్మ, తేదీ, "పరిశీలించగలరు" అని ఒక ముక్క, కింద సంతకం. మడతల దగ్గర చిరిగితే వెనక టేపు అతికించింది. కొడుకు పని చేస్తూ గాయపడితే రావలసిన పరిహారం గురించి సిఫార్సు కోసం మన కార్యాలయానికి మూడుసార్లు వెళ్లిందట. మూడోసారి ఈ కాగితం ఇచ్చారు. దీన్ని ఎక్కడ ఇవ్వాలని అడిగితే, బల్ల వెనకాయన ఫోనులోంచి తల ఎత్తకుండా "అక్కడే" అన్నాడట. అక్కడే అంటే ఎక్కడో ఆవిడకు ఈనాటికీ తెలియదు.

"పరిహారం రాలేదని మీకు వేయలేదా?" అని అడిగాను.

"కాదండీ. అది మీ చేతిలో ఉందో లేదో నాకేం తెలుసు? పోయిన నెల మీ సభలో మీ నాయకుడు అన్నాడు కదా, ఎదుటివాళ్లకు ఓటు వేసేవాళ్లకు బుద్ధి లేదని. మా అన్న ముందు నుంచీ వాళ్లకే వేస్తాడు. కొడుకు ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రంతా కూర్చున్నది మా అన్నే."

మన ప్రణాళికలో ఏముందో ఆవిడకు తెలుసు. నాకన్నా బాగా తెలుసు, రెండు అంశాలు నేనే మరిచిపోతే గుర్తుచేసింది. వాటిలో చాలావరకు బాగున్నాయనే అంది. ఇప్పుడు చెప్పండి, ఆవిడ తరఫున నేను ఏ గడిలో టిక్కు పెట్టను? మూలసిద్ధాంతమా, మధ్యేమార్గమా?

ఒక్క ఇంటి కథతో పార్టీ దిశ మార్చమని అడగడం లేదు. పక్క వీధిలో ఒక యువకుడు నిక్కచ్చిగా విధానం గురించే మాట్లాడాడు. మన పన్నుల విధానం తప్పని అరగంట వాదించాడు, నన్ను ఓడించాడు కూడా. మరో ఇంట్లో పెద్దాయన, మీరు మునుపటిలా కొట్లాడటం లేదు, అందుకే వేయలేదన్నారు. అంటే మీ రెండు వర్గాలకూ నా వీధుల్లో సాక్షులున్నారు. ఎవరి వైపు ఎంతమందో తెలియాలంటే నాలా పదిమంది కాదు, పద్ధతి తెలిసినవాళ్లు వందల బూత్‌లలో అడగాలి. అడిగేవాళ్లు స్థానిక నాయకుడి మనుషులు కాకూడదు, బల్ల వెనక కూర్చుని తల ఎత్తనాయనను గురించి ఆయన తమ్ముడికి ఎవరు చెబుతారు? ఎందుకు వేయలేదు అని అడిగితే మర్యాదకు ఏదో ఒకటి అంటారు. ఎప్పుడు మనసు మారింది, ఆ వారంలో ఏం జరిగింది అని అడిగితే అసలు సంగతి దొర్లుతుంది. ఎన్నికలయ్యాక గెలిచినవాడికే వేశామని చెప్పుకునేవాళ్లు నిజంగా వేసినవాళ్లకన్నా ఎక్కువగా ఉంటారని సర్వేలు చేసేవాళ్లందరికీ తెలుసు. ఆ జాగ్రత్తలు నాకన్నా మీకే బాగా తెలియాలి.

నాయకత్వం గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే ఆదివారం మీరు మాట్లాడుకోబోయేది ఎలాగూ అదే. 2009లో 119 స్థానాలకు పడిపోయిన జపాన్ లిబరల్ డెమొక్రాటిక్ పార్టీ పగ్గాలు సదకజు తనిగకి అనే నాయకుడి చేతికి వచ్చాయి. మూడేళ్లు ప్రతిపక్షంలో పార్టీని పట్టుకుని నిలబెట్టారు. 2012లో గెలుపు వాసన తగిలేసరికి పార్టీ అధ్యక్ష ఎన్నికలో ఆయన బరిలో లేరు. పార్టీ 294 స్థానాలతో గెలిచింది, ప్రధాని పదవి షింజో అబేకు దక్కింది. ఓడిన పార్టీకి కావలసినది అలాంటి మూడేళ్ల మనిషి. మన దగ్గర ఆ ఉద్యోగానికి దరఖాస్తులు కనిపించవు, దాని తర్వాతి ఉద్యోగానికి మాత్రం బారులు తీరి ఉన్నారు.

నివేదిక గురించి మాత్రం తేలికగా వదలను. 2014లో కాంగ్రెస్ 44 స్థానాలకు పడిపోయాక ఎ.కె. ఆంటోనీ నాయకత్వంలో కమిటీ వేసింది. అదే ఏడాది ఆగస్టులో నివేదిక అధిష్ఠానానికి చేరింది. పార్టీ దాన్ని బయటపెట్టలేదు. అందులో ఏముందో పత్రికలు ఊహించి రాశాయి, కార్యకర్తలు ఆ ఊహల మీద వాదించుకున్నారు. 2019లో వచ్చినవి 52. నివేదిక అచ్చయి ఉంటే వంద వచ్చేవని నేను అనను. కానీ ఎండలో తిరిగినవాడికి తన ఓటమి కారణాన్ని పుకారుగా వినిపించడం ఏ పార్టీకైనా మంచిది కాదు. మన రెండు పాత నివేదికలు కూడా నేను చూడలేదు. మీరు చూశారా? నిజంగా తెలుసుకుందామనే అడుగుతున్నాను, సంఘంలో ఎంతమంది చూశారు?

దిశ మార్పు ఆరు వారాల్లో, ఒక తీర్మానంతో అయ్యేది కూడా కాదు. జర్మనీ సోషల్ డెమొక్రాట్లు 1957లో 31.8 శాతానికి ఆగిపోయి, 1959 నవంబరులో బాడ్ గోడెస్‌బెర్గ్‌లో మార్క్సిజాన్ని వదిలి కొత్త కార్యక్రమం ఆమోదించారు. వాళ్ల నాయకుడు విల్లీ బ్రాంట్ ఛాన్సలర్, అంటే ప్రభుత్వాధినేత, అయింది 1969లో. మధ్యలో రెండు ఎన్నికలు ఓడారు, ప్రతిసారీ ఓట్ల శాతం కొంచెం పెరిగింది, ప్రతిసారీ వెనక్కి తిరగకుండా ఉన్నారు. మనమైతే ఒక్క మునిసిపల్ ఎన్నిక ఓడగానే మళ్లీ సమీక్షా సంఘం వేస్తాం.

కాబట్టి నేను అడిగేవి ఇవీ. దిశ మీద ఓటింగ్‌ను ఆరు నెలలు ఆపండి. ఈలోగా వెళ్లిపోయినవాళ్లను, రానివాళ్లను వేరువేరుగా, మనవాళ్లు కానివాళ్ల చేత అడిగించండి. వాళ్లు చెప్పినది మనకు నచ్చినా నచ్చకపోయినా మీ నివేదికతో పాటే అచ్చువేసి ప్రతి సభ్యుడికీ పంపండి. అప్పుడు నాలుగో పేజీ మళ్లీ ఇవ్వండి, టిక్కు పెడతాను. అన్నీ విన్నాక కూడా, ఓట్లు పోతే పోనీ, ఈ మాట మాత్రం వదులుకోలేం అని మనం నిర్ణయించుకునే విషయాలు కొన్ని ఉండవచ్చు. ఉండాలి కూడా. కానీ దేనికి ఎంత పోతుందో తెలిసి నిలబడటం వేరు, చూసుకోకుండా పోగొట్టుకోవడం వేరు.

ఆవిడ కాగితాన్ని ఫోనుతో ఫొటో తీసుకున్నాను. పేరు, సంతకం కనపడకుండా చేసి ఈ లేఖ మీ కార్యాలయానికి పంపే ప్రతితో జతచేస్తున్నాను. అసలు కాగితం ఇస్తారా అని అడిగితే ఇవ్వనంది. వస్తూంటే గుమ్మం దగ్గర, ఇదంతా మీ పెద్దవాళ్లకు చెబుతారా అని అడిగింది. చెబుతానన్నాను.

ఆదివారం నా అయిదు నిమిషాలను మరెవరికైనా ఇవ్వండి. ఆ రోజు సెలవు కాబట్టి జనం ఇళ్లలో దొరుకుతారు. నోటుబుక్కులో ఇంకా డెబ్బై ఇళ్లున్నాయి.

ఇట్లు,
ఒక బూత్ కార్యకర్త